పుంజును ఇల్లరికం పంపుదాం

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సంస్కృతి గురించి మాట్లాడమని పిలిస్తే ఈ వార్డెనమ్మ కోళ్ల గురించి మొదలుపెట్టిందేమిటి అనుకోకండి. థింసా గురించి, మన పాటల గురించి చెప్పడానికి ఈ వేదిక మీద మాకంటే తెలిసినవాళ్లు ఉన్నారు. మేము ఒక్క ప్రశ్న అడుగుతాం. కోడి లేని పండుగ మనకేదైనా ఉందా? ఇటుకల పండుగకు కోడి కావాలి. కొత్త తినాలంటే కోడి కావాలి. మొక్కుకి కోడి, చుట్టానికి కోడి, బాలింతకు కోడి. మరి ఇప్పుడు ఆ కోడి ఎక్కడినుంచి వస్తోంది? చాలా ఇళ్లలో సమాధానం ఒక్కటే. సంత నుంచి వస్తోంది. చుట్టం వచ్చాక బండి తీసి బ్రాయిలర్ మాంసం కోసం పరుగెత్తుతున్నాం.

హాస్టల్లో పిల్లల్ని మేము ఈ మాట తరచూ అడుగుతుంటాం. "మీ ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయిరా?" అంటే, "తాతమ్మ ఉన్నప్పుడు చాలా ఉండేవి టీచర్" అంటారు. కోళ్లు ఎందుకు తగ్గాయంటే తెగులు అంటారు, గద్ద అంటారు, జంగుపిల్లి అంటారు. అవన్నీ నిజమే. కానీ వీటికంటే నెమ్మదిగా, కంటికి కనబడకుండా జరిగే నష్టం ఇంకొకటి ఉంది. ఈ రోజు చెప్పదలుచుకున్నది దాని గురించే.

విత్తనం విషయంలో మన అమ్మమ్మలు ఎలా చేసేవారో గుర్తు చేసుకోండి. సామలైనా, చోళ్లైనా, కందులైనా పంట ఇంటికి రాగానే బలమైన కంకులు ముందు పక్కకు తీసేవారు. ఇంట్లో ఎంత ఆకలి ఉన్నా విత్తనం గింజను ముట్టుకునేవారు కాదు. కోడి దగ్గరకు వచ్చేసరికి మనం దీనికి తలకిందులుగా చేస్తున్నాం. సంక్రాంతి ముందు సంతకు వచ్చే వ్యాపారి ఏ పుంజును అడుగుతాడు? అన్నిటికంటే ఎత్తుగా, బరువుగా, చురుగ్గా ఉన్నదాన్నే అడుగుతాడు. దాన్నే అమ్ముతాం. మంచి పెట్ట పండుగకు పోతుంది. మిగిలినవి ఏవి? ఎవరూ కొననివి, ఎవరూ కొయ్యనివి. వచ్చే ఏడాది పిల్లలకు అవే తల్లిదండ్రులు. ఇలా పదేళ్లు జరిగితే మంద చిన్నబోతుంది. "మన కోళ్లు ఎదగవు, అందుకే బ్రాయిలర్" అంటాం. మంచిదాన్నంతా మన చేతులతోనే ఏరి బయటకు పంపి, మిగిలినదాన్ని చూసి జాతిని తప్పుపడుతున్నాం.

మన జాతి తక్కువదేమీ కాదు. ప్రపంచమంతా పెంచుతున్న కోళ్లకు ప్రధాన మూలం ఎర్ర అడవికోడి. తూర్పు కనుమల్లో గోదావరికి ఉత్తరాన ఉన్న మన అడవుల్లో అది ఇప్పటికీ కూస్తూనే ఉంది. దాన్ని పట్టకండి, వేటాడకండి, అది నేరం. అది అడవిలో ఉంటేనే అందం. కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన దేశీ కోడి జాతుల జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరుతో డంకి ఉంది, కాళహస్తి ఉంది. డంకి మన ఉత్తరాంధ్ర కోడే. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మూడింటికీ చెందిన జాతిగా అసీల్ ఉంది. డేగ, కాకి, సేతు, పర్ల, నెమలి అని మన పెద్దలు రంగును బట్టి ఇన్ని పేర్లు పెట్టారంటే కోడిని ఎంత దగ్గరగా చూసేవారో ఆలోచించండి.

ఇప్పుడు ఏ కోడిని పెంచుకోవాలన్న ప్రశ్నకు వద్దాం. ఇంటి కూరకు, మళ్లీ పిల్లలు కొనకుండా తనంతట తాను నిలబడే మంద కావాలంటే ఆ కోడి నాలుగు పనులు చేయాలి. సొంతంగా మేత వెతుక్కోవాలి. గద్ద నీడ చూసి దాక్కోవాలి. పొదగాలి. పిల్లల్ని పెంచాలి. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది, నిజమే. కానీ అది కంపెనీలు వేర్వేరు వంశాలను కలిపి తయారు చేసే సంకరం. దాన్ని ఉంచుకుని గుడ్లు పెట్టించినా పిల్లలు తల్లిలా రావు, పైగా అది పొదగదు. అంటే ప్రతిసారీ పిల్లలకు డబ్బు కట్టాల్సిందే. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసినవి. వనరాజా ఏడాదికి వంద గుడ్లు దాటి పెడుతుంది, ఒళ్లు కూడా బాగా చేస్తుంది. గుడ్ల కోసం నాలుగు ఉంచుకుంటే మంచిదే. కానీ వాటికి పొదిగే గుణం తక్కువ, వాటి పిల్లలు కూడా ఒక తీరుగా రావు. కడక్‌నాథ్ అని ఇంకొకటి ఉంది. మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతంలో భిల్లు, భిలాలా ఆదివాసీలు కాపాడుకుంటూ వచ్చిన నల్లకోడి అది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ సోదరులను చూసి మనం నేర్చుకోవాలి. అయితే ఆ పెట్ట సాధారణంగా పొదుగుకు సరిగా కూర్చోదు. అసీల్ పెట్ట ఏడాదికి 30, 40 గుడ్లకు మించి పెట్టదు. కానీ పొదుగుకు కూర్చుందంటే పామొచ్చినా లేవదు, పిల్లల జోలికొస్తే కుక్కనైనా తరుముతుంది.

అందుకని మేము చెప్పేది ఇది. విత్తనం మంద ఊరి నాటు పెట్టలతోనే ఉండాలి. వాటి మీద మంచి నాటు పుంజునో, అసీల్ పోలిక ఉన్న పుంజునో వదలండి. త్వరగా ఎదిగే కూరకోళ్లు కావాలంటే వనరాజా పుంజును వేరే రెండు పెట్టల మీద వదలండి. ఆ పిల్లలు చక్కగా ఎదుగుతాయి, వాటిని కూరకే వాడండి. వాటిలోంచి పుంజును తెచ్చి విత్తనం మందలో కలపకండి. కలిపితే రెండు మూడు తరాలకు పొదిగే పెట్ట కోసం వెతుక్కోవాలి.

టీచర్లం కదా, లెక్క చెప్పకుండా ఉండలేం. ఒక ఇంట్లో అయిదు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయనుకోండి. నాటు పెట్ట రెండు మూడు వారాలు గుడ్లు పెడుతుంది, 21 రోజులు పొదుగుతుంది, రెండు నెలలు పిల్లల్ని తిప్పుతుంది. మొత్తం వంద రోజులు దాటుతుంది, అంటే ఏడాదికి మూడు కాన్పులు. అయిదు పెట్టలకు 15 కాన్పులు. కాన్పుకు 10 గుడ్లు పెడితే 150. పదికి ఎనిమిది చొప్పున పిల్లలైతే 120. ఇక్కడే మన ఊళ్లలో కథ ఆగిపోతుంది. వదిలేస్తే అందులో సగం గద్దకు, పిల్లికి, వానకు, తెగులుకు పోతుంది. మిగిలేది 60. కొంచెం కాపాడితే నాలుగింట మూడు బతుకుతాయి, అంటే 90. వారానికో కోడి కోసినా ఏడాదికి 52. పండుగలకు, చుట్టాలకు, కొత్త పెట్టలుగా నిలుపుకోవడానికి ఇంకా 38 మిగులుతాయి. చూశారా, పెట్టల సంఖ్య పెంచలేదు. పిల్లల్ని మాత్రమే కాపాడాం.

ఎంపిక ఎలా చెయ్యాలి? ఒకే పక్షంలో పుట్టిన పుంజుపిల్లలన్నిటినీ నాలుగు నెలలప్పుడు ఒక ఉదయం మేత పెట్టకముందు తూకం వెయ్యండి. పుల్లలకాటా లేకపోతే సంతలో దొరికే చిన్న స్ప్రింగ్ కాటా చాలు. ముందు పుట్టినదాన్ని, వెనక పుట్టినదాన్ని పోల్చకండి. అది ఆరో తరగతి పిల్లాడికీ పదో తరగతి పిల్లాడికీ పరుగుపందెం పెట్టినట్టు ఉంటుంది. బరువులో ముందున్న మూడింటిని పక్కన పెట్టి, వాటిలో చూడండి. రొమ్ము ఎముక వంకర లేకుండా ఉందా, కాళ్ల మధ్య ఎడం ఉందా, వేళ్లు తిన్నగా ఉన్నాయా, కన్ను మెరుస్తోందా, మనుషుల మీదికి ఎగబడుతోందా. పిల్లల్ని పొడిచే పుంజు ఎంత బరువున్నా కూరకే. మిగిలినవాటిలో మంచి తల్లి కడుపున పుట్టినదాన్ని నిలపండి.

పెట్ట దగ్గర కాటా కంటే మీ జ్ఞాపకం ముఖ్యం. ఎన్ని గుడ్లు పెట్టిందని కాదు, ఎన్ని పిల్లల్ని గంప కిందనుంచి చెట్టు కొమ్మ దాకా తీసుకెళ్లిందని చూడాలి. బరువు గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు బాగానే దిగుతుంది. గుడ్ల సంఖ్య, పొదుగులో పిల్లలయ్యే గుణం అంత తేలిగ్గా దిగవు. కాబట్టి ఒక్క కోడిని చూసి చాలదు, దాని అక్కచెల్లెళ్లనూ, తల్లినీ కూడా చూడాలి. గుడ్లు వదిలేసి లేచిపోయే పెట్ట, సాటి పెట్ట పిల్లల్ని పొడిచి చంపే పెట్ట, మూడేళ్లు దాటి గుడ్లు తగ్గిన పెట్ట కూరకు వెళ్లాలి. ఏది కోయాలో మనసులో ముందే తేల్చుకుంటే, చుట్టం వచ్చిన కంగారులో చేతికందిన మంచి పెట్టను కొయ్యం.

ఇక అసలు మాట. ఒకే పుంజు మూడేళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఏమవుతుంది? మొదటి ఏడాది పుట్టిన పెట్టలు రెండో ఏడాది తండ్రితోనే కలుస్తాయి. గుడ్లు మురుగుతాయి, పిల్లలు నీరసంగా పుడతాయి, ఒళ్లు తగ్గుతుంది. ఇది మనకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము. కిల్లో అబ్బాయికి కిల్లో అమ్మాయిని ఇస్తామా? ఇవ్వం. ఒక గోత్రం వాళ్లంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పుస్తకాలు రాకముందే మన పెద్దలు కట్టిన కట్టు ఇది. అదే కట్టును కోళ్లకు పెడదాం.

మనుషుల్లో పిల్ల అత్తారింటికి వెళ్తుంది. కోళ్లలో పెట్టలు పుట్టింట్లోనే ఉంటాయి, పుంజు ఇల్లరికం వెళ్తుంది. మూడు ఇళ్లవాళ్లు కలవండి, అయిదు ఇళ్లయితే ఇంకా మంచిది. మూడు గోత్రాలనుకోండి: పులి ఇల్లు, సూర్యుడి ఇల్లు, గద్ద ఇల్లు. ఏటా పులి ఇంట్లో పుట్టిన మంచి పుంజుపిల్ల సూర్యుడి ఇంటికి వెళ్తుంది. సూర్యుడి ఇంటిది గద్ద ఇంటికి, గద్ద ఇంటిది పులి ఇంటికి. ప్రతి ఏడాదీ అదే వరుస, దిక్కు మారకూడదు. పాత పుంజు ఆ ఏడాది పండుగకు పనికొస్తుంది. డబ్బు చేతులు మారదు, కానీ ఏ ఇంట్లోనూ తండ్రీకూతుళ్లు, తోబుట్టువులు కలవరు. అయిదారేళ్లకు ఒకసారి కొండ అవతలి పంచాయతీ నుంచి కొత్త పుంజును తెచ్చి వరుసలో కలిపితే మంద ఇంకా గట్టిపడుతుంది. పుంజు ఒకటికి పెట్టలు ఎనిమిది, పది వరకు ఉండొచ్చు. బరువైన అసీల్ పుంజైతే అయిదారు చాలు.

ఇందులో ఒక నియమం మాత్రం తప్పకూడదు. పొరుగింటికి పంపాల్సింది మన ఇంట్లోకెల్లా మంచి పుంజుపిల్ల. "మంచిది మనం ఉంచుకుని రెండోది ఇద్దాం" అని ఒక్క ఇల్లు అనుకున్నా వరుస మొత్తం చెడుతుంది. మూడో ఇంటినుంచి మనకు వచ్చేది కూడా రెండోదే అవుతుంది. వ్యాపారి ఎంత ఆశ పెట్టినా మొదటిది అమ్మకానికి కాదు. రెండోది, మూడోది అమ్ముకోండి, తప్పులేదు. కత్తి కట్టి పందెంలో దింపడం మాత్రం చట్టానికి విరుద్ధం, కోడికి హింస. పందెం కోసం కొంటున్నానని చెప్పేవాడికి ఏదీ అమ్మకండి.

పొదుగు సంగతి చెప్తాం. గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ, ఏ పెట్టదో గుర్తు రాయండి. నీళ్లతో కడగకండి. చల్లని మూల మట్టి మూకుట్లో తవుడో పొట్టో పోసి, సన్నని కొన కిందికి ఉండేలా పెట్టండి. వారం లోపు గుడ్లు మేలు. పది రోజులు దాటినవి పిల్లలకు వండిపెట్టండి. ఒక పెట్టవి చాలకపోతే రెండో మంచి పెట్టవి కలపండి. పొదుగు గంపలో గడ్డి కింద కాస్త బూడిద, వావిలాకు వేస్తే పేలు, గోమార్లు తగ్గుతాయి. ఏడో రోజు రాత్రి గుడ్డు వెనక మీ ఫోన్ లైటు పెట్టి చూడండి. ఎర్రటి సాలెగూడులా నరాలు కనబడితే పిల్ల ఉన్నట్టు. తేటగా ఉంటే తీసెయ్యండి. ఫోన్ ఎలాగూ రాత్రంతా చేతిలోనే ఉంటుంది కదా, ఈ పనికీ వాడండి.

పుట్టిన మొదటి నెల పిల్లలు గంప కింద ఉండాలి. తల్లిని గంపలో కట్టేసినట్టు ఉంచి, పిల్లలు సందుల్లోంచి వచ్చిపోయేలా చేస్తే అవి దూరం పోవు. సామనూక, చోడిపిండి, వలిసె చెక్క పొడి కలిపి పెట్టండి. కుండలో పేడ, ఎండుగడ్డి వేసి తడిపి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించండి. తెల్లారేసరికి చెదలు పడతాయి. పిల్లలకు అంతకంటే మంచి మాంసకృత్తులు లేవు. బూజు పట్టిన మొక్కజొన్న మాత్రం ఎప్పుడూ వెయ్యకండి. ఆ బూజులో విషం ఉంటుంది, పిల్లలు ఎదక్క చచ్చిపోతాయి. నీళ్లు లోతు లేని మూకుట్లో పెట్టి రోజూ మార్చండి. రెండు నెలలకు పిల్లల్ని వేరు చేస్తే తల్లి మళ్లీ గుడ్లకు వస్తుంది.

ఎంత ఏరినా, ఎంత కాపాడినా కొక్కెర తెగులు ఒక్కసారి వచ్చిందంటే ఊరంతా ఊడ్చుకుపోతుంది. రాణిఖేత్ అని పుస్తకాల్లో రాసేది దాన్నే. దానికి మందు లేదు, టీకా ఉంది. పుట్టిన వారం లోపు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, నాలుగో వారంలో మళ్లీ చుక్క, ఎనిమిది వారాలు దాటాక రెక్క దగ్గర సూది. పశువైద్యశాల వాళ్లు మీ ఊరికి తగిన తేదీలు చెప్తారు. ఇక్కడే యువత అవసరం. చిన్న టీకా సీసా కూడా వంద కోళ్లకు సరిపోతుంది. కలిపిన తరవాత రెండు గంటల్లో వాడెయ్యాలి, మంచులో ఉంచాలి. అయిదు కోళ్లున్న అవ్వ ఒక్కతే సీసా తెచ్చుకోలేదు. ఊరంతా ఒకే రోజు వేయించుకుంటే సీసా ఖర్చు తలా కొన్ని రూపాయలే. ఐస్ పెట్టెతో వెళ్లి టీకా తెచ్చే పని, తెల్లారకముందే ఇంటింటికీ తిరిగి గూట్లో ఉండగానే వేసే పని మీది. సంతనుంచి తెచ్చిన ఏ కోడినైనా రెండు మూడు వారాలు వేరే గంపలో, మందకు దూరంగా ఉంచండి. తెగులు ఎక్కువగా ఆ దారినే వస్తుంది. చచ్చిన కోడిని వాగులో పారేయకండి, సున్నం వేసి లోతుగా పూడ్చండి.

పిల్లలూ, ఇవన్నీ వినడానికి చిన్న పనుల్లా ఉంటాయి. మీలో చదువుకున్నవాళ్లున్నారు, ఉద్యోగాలకు తయారవుతున్నవాళ్లున్నారు. కోళ్లు పెంచుకుని ఊళ్లోనే ఉండండి అని మేము చెప్పడం లేదు. డిగ్రీ చదవండి, పశువైద్యం చదవండి, కలెక్టర్లు అవ్వండి. కానీ ఊళ్లో అమ్మ దగ్గర ఉన్న తెలివికి, మీ దగ్గర ఉన్న చదువు తోడవ్వాలి. ఏ పెట్ట ఎలాంటిదో అమ్మకు తెలుసు, కానీ అది ఎక్కడా రాసి లేదు. ఒక నోటు పుస్తకం తీసుకోండి. పెట్ట గుర్తు, పొదుగుకు పెట్టిన తేదీ, గుడ్లెన్ని, పిల్లలెన్ని, రెండు నెలలకు మిగిలినవెన్ని, నాలుగు నెలలకు బరువెంత. ఈ ఆరు గళ్లు చాలు. పిల్లల కాళ్లకు ఒక్కో తల్లికి ఒక్కో రంగు దారం వదులుగా కట్టండి, ఎదిగేకొద్దీ మార్చండి. రెండేళ్లు రాస్తే మీ ఊరి మంద చరిత్ర మీ చేతిలో ఉంటుంది.

ఇప్పుడే, ఈ సభ అయ్యాక బస్సెక్కేలోపు ఒక్క పని చేయండి. మీ ఊళ్లో వరుసలో కలవగల మూడు ఇళ్ల పేర్లు ఫోన్లో రాసుకోండి. ఇంటికెళ్లాక ఆ మూడు ఇళ్ల తల్లుల్ని ఒక అరుగు మీద కూర్చోబెట్టండి. ఎవరి పుంజు ఎవరింటికి వెళ్లాలో వాళ్లనే తేల్చమనండి. పెళ్లి సంబంధాలు కుదిర్చిన చేతులవి, ఈ సంబంధం కుదర్చడం వాళ్లకు కష్టం కాదు. వచ్చే ఇటుకల పండుగకు కోసే కోడి మన గూట్లో పుట్టినదై ఉండాలి. దానికంటే మంచిది, ఇల్లరికం వెళ్లి, పొరుగు గూట్లో కూస్తూ ఉండాలి.